పని వస్తోంది, డబ్బు నిలవట్లేదు: ఇంటి నుంచి ఫ్రీలాన్స్ చేసే తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి అంబాజీపేట దగ్గర మీ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది, వెబ్‌సైట్లు, లోగోలు చేస్తున్నావు, పనికి లోటు లేదు, అయినా నెలాఖరుకి అకౌంట్‌లో ఏమీ మిగలట్లేదు. హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి 42,000 ఇవ్వకుండా నాలుగు నెలలుగా తిప్పుతోంది. జీఎస్టీ తీసుకోవాలా వద్దా అంటే తలా ఒక మాట చెప్తున్నారు. విదేశీ క్లయింటు బిల్లు పంపమంటే ఎలా రాయాలో తెలియట్లేదు. ఇంట్లోవాళ్ళకేమో నువ్వు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తోంది. నేను పాలకొల్లులో ఇంట్లోనే కూర్చుని పద్నాలుగేళ్ళుగా డిజైన్ పని చేస్తున్నాను, రొయ్యల మేత బస్తాల మీద బొమ్మల దగ్గర్నుంచి అమెరికాలో ఒక చిన్న కంపెనీకి ప్యాకెట్ల డిజైన్ దాకా. నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా లేసు అల్లేది. ఏజెంటు దారం బంతులు తెచ్చి ఇచ్చేవాడు, వారానికోసారి వచ్చి అల్లిన ముక్కలు లెక్కపెట్టి పట్టుకెళ్ళేవాడు. ముక్కకి ఎంత అనేది ఎప్పుడూ అతనే చెప్పేవాడు. ఒక్కో ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో ఆవిడ ఏనాడూ లెక్కేసుకోలేదు, ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పనేగా అని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు, ఆవిడా అలాగే అనుకునేది. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు పోయేది. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. ఆవిడ కళ్ళు మాత్రం యాభై దాటేసరికే పోయాయి. నేను కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మూడేళ్ళూ అచ్చం ఆవిడలాగే చేశాను తమ్ముడూ. అడిగినవాడు చెప్పిన ధరకి చేశాను, ఇచ్చినప్పుడు తీసుకున్నాను. నీ ఉత్తరంలో నాకు అదే కనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను.

ధర సంగతి చూద్దాం. లోగోకి 2,500 తీసుకుంటున్నానని రాశావు. అయిదుసార్లు మార్పులు చేశానని, ఫోన్లూ అవీ కలిపి పద్నాలుగు గంటలు పట్టిందని కూడా నువ్వే రాశావు. అంటే గంటకి 180 కూడా పడలేదు. ఇప్పుడు ఇంకో వైపు నుంచి లెక్క వెయ్యి. ఇంటికి నెలకి 30,000 కావాలి అనుకో. ఇంటర్నెట్, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందాలకి 5,000. లాప్‌టాప్ 72,000 పెట్టి కొంటే నాలుగేళ్ళు వస్తుంది, అంటే నెలకి 1,500 అది తినేస్తోంది, ఈ ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు. ఆరోగ్య బీమాకి 1,500, వెనకేసుకోడానికి 7,000. మొత్తం 45,000. నెలకి 25 రోజులు, రోజుకి 8 గంటలు కూర్చున్నా ఆ 200 గంటలకీ డబ్బు రాదు. క్లయింట్లతో మాటలు, రేట్లు పంపడం, బిల్లులు, కొత్త పని వెతుక్కోవడం, నేర్చుకోవడం, వీటికి సగం పోతాయి. నా అనుభవంలో వంద గంటలకి బిల్లు వేయగలిగితే అది మంచి నెల. 45,000ని వందతో భాగిస్తే గంటకి 450. ఇది నీ అడుగు ధర, లాభం ఇంకా కలపనే లేదు. పద్నాలుగు గంటల లోగో 6,300 కంటే తక్కువకి చేస్తే మిగతాది నీ జేబులోంచి క్లయింటుకి ఇస్తున్నట్టే. ఈ అంకెలు నీవి కావు, నీ ఖర్చులతో ఒక కాగితం మీద వేసి చూసుకో. గంటల లెక్క క్లయింటుకి చెప్పక్కర్లేదు, అతనికి మొత్తం ధర చెబితే చాలు.

ఆ తర్వాత, పని మొదలుపెట్టే ముందు రాత ఉండాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, చిన్న పనులకి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండి. మీ షాపు లోగోకి రెండు నమూనాలు ఇస్తాను, మూడుసార్ల వరకు మార్పులు చేస్తాను. మొత్తం 7,500. మొదలుపెట్టడానికి 3,750 వెయ్యండి. మిగతాది నమూనా ఖాయమయ్యాక, ఫైళ్ళు పంపే ముందు. నాలుగో మార్పు నుంచి ఒక్కోదానికి 500 అవుతుంది. అడ్వాన్స్ అందిన రోజు నుంచి పది రోజుల్లో మొదటి నమూనా మీకు చూపిస్తాను. ఒప్పుకుంటే సరే అని రాయండి."

ఆ "సరే" అనే మాట వచ్చేదాకా నేను ఫైలు తెరవను. మొదట్లో నాకూ మొహమాటంగా ఉండేది, మనవాళ్ళేగా అనిపించేది. కానీ రాత పంపడం మొదలుపెట్టాక ఒక్క మంచి క్లయింటు కూడా వెనక్కి పోలేదు. పోయినవాళ్ళు ఎలాగూ ఇచ్చేవాళ్ళు కాదని తర్వాత తెలిసింది.

మన ప్రాంతం క్లయింట్లకి ఇంకో సంగతి ఉంటుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు "చెరువు పట్టాక ఇస్తానమ్మా" అంటారు. అది ఎగ్గొట్టే మాట కాదు, నిజంగానే వాళ్ళ చేతిలో డబ్బు ఆడేది అప్పుడే. కానీ ఈలోగా రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చినా, రొయ్యల రేటు పడిపోయినా ఆయన ముందు మేత షాపువాడికి ఇస్తాడు, తర్వాత కూలీలకి ఇస్తాడు, మన వంతు చిట్టచివర వస్తుంది. ఆయన స్థానంలో నేనున్నా అలాగే చేస్తాను. అందుకని అలాంటి పనికి నేను సగం కాకుండా 60 శాతం ముందే తీసుకుంటాను. కొబ్బరి వ్యాపారులు, వరి మీద ఆధారపడ్డ వాళ్ళు కూడా అంతే, వాళ్ళకి డబ్బు వచ్చే నెలలేవో కనుక్కుని మిగతా వాయిదా ఆ నెలకి పెట్టు. ఇక చుట్టాల పని. సొంత అన్నదమ్ముల పిల్లల శుభలేఖకి నేను డబ్బు తీసుకోను, కానీ బిల్లు మాత్రం రాస్తాను. 4,000 అని వేసి, కింద మా తరఫున అని 4,000 తీసేసి సున్నా చూపిస్తాను. ఆ కాగితం చూసిన మా ఆడపడుచు తర్వాత తన స్నేహితురాలిని పంపినప్పుడు ధర తనే ముందు చెప్పి పంపింది.

డబ్బు ఎందుకు నిలవట్లేదంటే, నీకు అకౌంటు ఒకటే ఉంది. క్లయింటు డబ్బు, ఇంటి కిరాణా, పెట్రోలు, సాఫ్ట్‌వేర్ చందా అన్నీ అందులోంచే. రేపే ఇంకో అకౌంటు తెరువు. కరెంట్ అకౌంటయితే కనీస నిల్వ ఎంత ఉంచాలో ముందే అడుగు, కొన్ని బ్యాంకుల్లో అది ఎక్కువ. పని డబ్బంతా అందులోకే రావాలి, పని ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. ప్రతి నెలా ఒకటో తారీకున నీకు నువ్వే జీతం వేసుకున్నట్టు ఇంటి అకౌంటుకి ఒకే మొత్తం పంపు. 80,000 వచ్చిన నెలా 30,000 పంపు, 12,000 వచ్చిన నెలా 30,000 పంపు. మరి 12,000 నెలలో ఎక్కణ్ణుంచి తెస్తావు? ఇది డెల్టాలో పుట్టినవాడికి కొత్తగా చెప్పక్కర్లేదు. దాళ్వా (రెండో వరి పంట) అయ్యాక కాలువలు కట్టేస్తారు, కట్టేసే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతుకుతుంది. నింపే రోజుల్లో ఎవరైనా తూము తెరిస్తే ఊరు ఊరుకుంటుందా? నీకూ అలాంటి చెరువు ఒకటి ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయిలో పావలా అటు వెళ్ళాలి, నాలుగు నెలల ఇంటి ఖర్చు నిండేదాకా. మన పనికి కాలువ కట్టే రోజులు ఏవో కూడా ముందే తెలుసు. ఆషాఢంలో, మూఢంలో శుభలేఖలు, కల్యాణ మండపాల పని ఉండదు. సంక్రాంతి ముందు నెల పోస్టర్లు, ఫ్లెక్సీలు, ఆఫర్ల డిజైన్లు మీద పడిపోతాయి. కంపెనీలేమో ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్టు వచ్చేదాకా ఏదీ తేల్చవు. గోడ మీద క్యాలెండర్‌లో నేను ఈ నెలలకి పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుంటాను.

ఇక జీఎస్టీ. సేవలు అమ్మేవాళ్ళకి మన రాష్ట్రంలో ఆర్థిక సంవత్సరంలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. క్లయింటు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉన్నా, అంటే వేరే రాష్ట్రమైనా సరే, సేవలకి ఆ 20 లక్షల మినహాయింపు వర్తిస్తుంది. నీకు ఎవరో వేరే రాష్ట్రమైతే మొదటి రూపాయి నుంచే కట్టాలన్నారు చూడు, అది వస్తువుల విషయంలో చెప్పే మాట. విదేశీ క్లయింటు ఇచ్చే డబ్బు కూడా ఆ 20 లక్షల లెక్కలోకి వస్తుంది, అది మర్చిపోకు. రిజిస్ట్రేషన్ లేనంతకాలం బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చెయ్యకూడదు. రిజిస్ట్రేషన్ అయ్యాక విదేశీ పనికి ఎల్‌యూటీ అనే పత్రం ఏటా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే పన్ను కట్టకుండానే బిల్లు వేసుకోవచ్చు.

ఆదాయపు పన్ను గురించి నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. పైగా ఐటీ, ఇంజినీరింగ్, సాంకేతిక సలహా లాంటి కొన్ని వృత్తులకి, 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతిలో, వచ్చిన మొత్తంలో సగాన్నే ఆదాయంగా చూపిస్తే సరిపోతుంది, ఖర్చుల పద్దులు రాయక్కర్లేదు. 50 లక్షల దాకా ఇది కుదురుతుంది, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా. నీ వెబ్‌సైట్ల పని, లోగోల పని రెండూ దీని కిందికి వస్తాయో లేదో ఆడిటర్ దగ్గర ఒక్కసారి తేల్చుకో. ఆయన ఫీజుకి వెనకాడకు. అయితే పన్ను సున్నా అని రిటర్ను మానేయకు. ఒక కంపెనీ నీకు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే మామూలుగా 10 శాతం టీడీఎస్, అంటే నీ పేరు మీద ముందే కట్టే పన్ను, పట్టుకుని ఇస్తుంది, పాన్ ఇవ్వకపోతే 20 శాతం పడుతుంది. ఆ డబ్బు నీదే, రిటర్ను వేస్తేనే వెనక్కొస్తుంది. నేను మొదటి రెండేళ్ళు రిటర్ను వేయక 19,000 వదులుకున్నాను, అప్పట్లో అది మాకు మూడు నెలల అద్దె. ఆదాయపు పన్ను సైట్‌లో నీ పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ అనే నీ ఏడాది లెక్కల పట్టిక తెరిస్తే ఎవరు ఎంత పట్టుకున్నారో కనిపిస్తుంది, మూడు నెలలకోసారి చూసుకో. ఆదాయం పెరిగి ఏడాది పన్ను 10,000 దాటే రోజు వస్తే, 44ఏడీఏ పద్ధతిలో ఉన్నవాళ్ళు మార్చి 15 లోపు ముందస్తు పన్ను మొత్తం ఒకేసారి కట్టాలి.

విదేశీ క్లయింటుకి బిల్లు ఏమంత కష్టం కాదు. నీ పేరు, చిరునామా, వాళ్ళ పేరు, చిరునామా, బిల్లు నంబరు, తేదీ, ఏం పని, డాలర్లలో ఎంత, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, బ్యాంకు వివరాలు. డబ్బు వచ్చినప్పుడు అది ఏ పనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ బ్యాంకు అడుగుతుంది, నీ పనికి సరిపోయేది ఒకసారి సరిగ్గా చూసి అదే వాడు. ప్రతి జమకీ, విదేశం నుంచి డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే ఎఫ్‌ఐఆర్‌ఏ కాగితం దాచు, రేపు జీఎస్టీలోకి వెళ్తే ఎగుమతి అని చూపించడానికి అదే ఆధారం. ఫీజు తక్కువ అని ప్రకటన చూసి మోసపోకు, చివరికి అకౌంటులో ఎన్ని రూపాయలు పడ్డాయో చూసి పోల్చు, తేడా ఎక్కువగా మారకం రేటులోనే ఉంటుంది.

చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవడాన్ని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటారు, అది ఈ వారమే చెయ్యి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగే సైట్లు అసలువి కావు. దీని వల్ల ఏం ఒరుగుతుందంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకి రాత ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023-24 నుంచి, గడువు దాటి ఇచ్చే డబ్బుని ఆ కంపెనీ నిజంగా ఇచ్చిన ఏడాదే తన ఖర్చుగా చూపించుకోవాలి. మార్చి వచ్చేసరికి వాళ్ళ ఆడిటరే మన బిల్లు ఏమైందని వాళ్ళని అడుగుతాడు. నా బిల్లుల అడుగున ఉద్యమ్ నంబరు, ఈ చట్టం పేరు ఒక్క లైనులో ఉంటాయి. అది పెట్టాక ఫోన్లు చేసే పని బాగా తగ్గింది.

ఇంట్లోవాళ్ళ సంగతి. గ్యాస్ బండ వచ్చిందనీ, బంధువుని బస్టాండులో దింపమనీ పిలుస్తారు, వాళ్ళ తప్పు లేదు, కొడుకు ఇంట్లో కనిపిస్తున్నాడు కాబట్టి పిలుస్తారు. నేను తలుపుకి సమయం రాసి అంటించాను, తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. మా అత్తగారికి ఒక నెల నా లెక్కల పుస్తకం చూపించాను, ఏ పూటకి ఎంత వచ్చిందో. ఆ తర్వాత ఆ పూట నన్ను ఆవిడే ఎవరినీ పిలవనివ్వలేదు. పుస్తకం అన్నాను కదా, ఒక వరస ఇలా ఉంటుంది: బిల్లు 2025-26/014, నవంబరు 3, పచ్చళ్ళ లేబుళ్ళు ఆరు, 18,000, టీడీఎస్ లేదు, గడువు నవంబరు 18, అందింది నవంబరు 21. శనివారం పొద్దున్నే రెండు గంటలు దీనికే. అది కూడా పనే, దానికి వేరే పని అడ్డు పెట్టకు.

తుపాను గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి మూడో రోజు గానీ కరెంటు రాలేదు. నేను 26నే అందరికీ మెయిల్ పెట్టాను, నాలుగు రోజులు ఆలస్యం కావచ్చు, చేతిలో ఉన్న ఫైళ్ళు ఇవిగో అని. ఒక్కరూ ఏమీ అనలేదు. హెచ్చరిక ముందే వస్తుంది కాబట్టి క్లయింటుకి మన నోటి నుంచి ముందే తెలియాలి. ఇన్వర్టరు, వేరే కంపెనీ సిమ్ము ఒకటి, ఫైళ్ళు క్లౌడ్‌లో, ఈ మూడూ పని ఖర్చులే. ఆరోగ్య బీమా కూడా తీసుకో, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

ఇప్పుడు నీ 42,000. నాకూ ఇలాగే ఒక ఏజెన్సీ దగ్గర 68,000 ఏడు నెలలు ఆగింది. పని ఇచ్చిన అమ్మాయికే రోజూ ఫోన్ చేసేదాన్ని, పాపం ఆమె చేతిలో ఏమీ లేదు. చివరికి లెక్కలు చూసే అతను దొరికితే, నా బిల్లు మీద వాళ్ళ ఆర్డరు నంబరు లేదని, అందుకే సిస్టమ్‌లో ఎక్కలేదని చెప్పాడు. ఏడు నెలలు ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు ముందు అది కనుక్కో, బిల్లు మీద ఏమేం ఉండాలో. సరిచేసి మెయిల్‌లో పంపు, వాట్సాప్‌లో కాదు, పని ఇచ్చినవాళ్ళకీ లెక్కలవాళ్ళకీ కలిపి. రెండు రోజులాగి ఫోన్ చేసి, ఎప్పుడిస్తారని కాకుండా ఏ తేదీన వేస్తారని అడుగు, చెప్పిన తేదీని వెంటనే మెయిల్‌లో రాసి పంపు. వాళ్ళ కొత్త పని ఏదైనా చేతిలో ఉంటే అక్కడే ఆపు, బాకీ అందాక కొనసాగిస్తానని మర్యాదగా చెప్పు. ఆ తేదీ దాటితే లాయరు చేత నోటీసు ఇప్పించు. పని చేసినప్పుడు నీకు ఉద్యమ్ లేదు కాబట్టి ఎంఎస్ఎంఈ చట్టం కింద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే దారి ఈ బాకీకి దొరక్కపోవచ్చు, కానీ సివిల్ దావాకి బాకీ పడ్డ రోజు నుంచి మూడేళ్ళ గడువు ఉంది. వాళ్ళు పని ఇచ్చిన మెసేజ్, నువ్వు ఫైళ్ళు పంపిన మెయిల్, బాగుందని వాళ్ళు రాసిన జవాబు, ఈ మూడింటినీ ఈ రాత్రే ఒక ఫోల్డర్‌లో పెట్టు. బిల్లు తిరగరాశాక పంపే ముందు నాకోసారి చూపించు, ఏమైనా తప్పితే చెప్తాను.